దగ్గిన కుర్రాడు

చిరంజీవికి,

ఆశీస్సులు. నీ కథా, దాంతోపాటు పెట్టిన ఉత్తరమూ చేరాయి. ‘నువ్వు’ అంటున్నానని ఏమనుకోకమ్మా, నాకు డెబ్బై నాలుగు నిండాయి. నీ ఈడుది మా పెద్ద మనవరాలుంది.

కథ చదివాక రెండు రోజులు చిరాగ్గా తిరిగాను. బీపీ మాత్ర మర్చిపోయానేమోనని మా ఆవిడకి టెన్షన్. కారణం మాత్ర కాదు, నీ మొదటి వాక్యం. ‘ఒకానొక రాజ్యంలో ఒకానొక మహారాజు ఉండేవాడు.’ ఆయనకి సెల్‌ఫోన్ ఉంది, అందులో ట్విట్టర్ ఉంది. తన మీద జనం పెట్టే పోస్టులు రాత్రంతా చదివించుకుని పళ్లు నూరతాడు, తెల్లారగానే తలలు తీయిస్తాడు. ఆఖర్న జనం తిరగబడతారు. ఆ రాజ్యం పేరు మూఢపురి. మూఢపురికి ఎక్కడ బస్సు మారాలమ్మా?

నీ ఉత్తరం మాత్రం బాగుంది. నిజం చెప్పాలంటే కథ పక్కన పెట్టి ఉత్తరమే నాలుగుసార్లు చదివాను. టర్కీలో ఒక డాక్టరు అధ్యక్షుడు ఎర్డోగాన్ ఫొటోల పక్కన ఒక సినిమా పాత్ర ఫొటోలు పెట్టాడని, దాని మీద కేసు పెట్టారని, ఆ వార్త చూసి నవ్వాపుకోలేక ఈ కథ మొదలుపెట్టావని రాశావు. ‘సార్వజనీనంగా ఉంటుందని దేశం పేరు తీసేశాను సార్’ అన్నావు. దేశం పేరుతోపాటు డాక్టరుని తీసేశావు, సినిమాని తీసేశావు, కోర్టుని తీసేశావు. నిన్ను నవ్వించిందేదీ కథలో మిగల్లేదు.

మనవడి చేత ఆ సంగతంతా వెతికించాను. 2015 డిసెంబరు, ఐదిన్ అనే ఊరు. ఆ పాత్ర పేరు గొల్లమ్, సినిమా ‘ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్’. నేను చూడలేదు. మావాడు ఫోన్లో ఫొటో చూపించాడు. బోడి తల, పెద్ద కళ్లు, పచ్చి చేప కొరుకుతూ ఒక జీవి. దీంతో పోలిస్తే అవమానమా కాదా అన్నది కోర్టు ముందున్న ప్రశ్న. సినిమాలన్నీ తాను పూర్తిగా చూడలేదని జడ్జిగారు ఒప్పుకున్నారు. గొల్లమ్ మంచివాడో చెడ్డవాడో తేల్చమని ఐదుగురు నిపుణుల్ని వేశారు. ఇద్దరు ప్రొఫెసర్లు, ఇద్దరు మనస్తత్వ నిపుణులు, సినిమాలూ టీవీ తెలిసిన ఇంకొకాయన. ఈలోపు ఆ సినిమా తీసిన దర్శకుడే కల్పించుకుని, ఆ ఫొటోల్లో ఉన్నది గొల్లమ్ కాదు, అతనిలోనే ఉండే స్మీగల్ అనే మంచివాడు అన్నాడట. ఇది నువ్వు కల్పించగలవా? నేను కల్పించగలనా? ఇంత దొరికాక మూఢపురికి ఎందుకు పోయావమ్మా?

నేను ముప్పై ఒక్క ఏళ్లు కోర్టులో పనిచేశాను. మొదట టైపిస్టుని, రిటైరయ్యేనాటికి బెంచి క్లర్కుని. అందుకని అందరూ జడ్జి గురించి నవ్వుతుంటే నాకు టైపిస్టు కనిపిస్తాడు. నిపుణుల కమిటీని వేస్తూ ఇచ్చిన ఆ ఉత్తర్వుని ఎవడో ఒకడు కూర్చుని టైపు చేశాడు కదా. గొల్లమ్‌లో ‘ఎల్’ ఒకటా రెండా అని పక్కసీటు వాణ్ణి అడిగే ఉంటాడు. ఇంటికెళ్లి పెళ్లాంతో ఏం చెప్పాడు? చెప్పాడా, గోడలకు చెవులుంటాయని ఊరుకున్నాడా? కథ అక్కడుంది.

1983లో మా కోర్టుకి ఒక కేసొచ్చింది. ఒక సర్పంచ్‌ని బజార్లో ఎవరో ‘ఏబ్రాసి’ అన్నారు. విన్నది కిళ్లీకొట్టు దగ్గరున్న పది మంది. ఆయన మాట పడే మనిషి కాదు, ప్లీడరుని పెట్టి ప్రైవేటు కంప్లైంట్ వేశాడు. తిట్టు కేసులో తిట్టేమిటో ఉన్నది ఉన్నట్టు రాయాలి. కంప్లైంట్ అంతా దర్జా ఇంగ్లీషు, మధ్యలో ఇంగ్లీషు అక్షరాల్లో మన ‘ఏబ్రాసి’. మూడు కార్బన్ కాపీలు. తర్వాత సాక్షి బోనెక్కి చెప్పాలి. అవతలి ప్లీడరు ‘సరిగ్గా ఏమన్నాడో మళ్లీ చెప్పు’ అంటాడు. సాక్షి గొంతు పెంచుతాడు. మేజిస్ట్రేటు గారు అదే మాటని నాకు డిక్టేట్ చేస్తారు. ఇలా ఎనిమిది వాయిదాలు. పది మంది విన్న తిట్టు తాలూకా అంతా పాకింది. ఆఖరికి మా గుమాస్తాలు కూడా కేసు నంబరు మానేసి ‘ఏబ్రాసి ఫైలు పట్రా’ అనేవాళ్లు. పాపం ఆయన గెలిచాడు కూడా.

జర్మనీలోనూ ఇదే జరిగింది చూడు. 2016లో అక్కడి టీవీలో ఒక హాస్యగాడు ఎర్డోగాన్ మీద బూతు పద్యం చదివాడు. ఆయన కేసు వేశాడు. విదేశీ దేశాధినేతల్ని తిట్టకూడదని జర్మనీలో అప్పట్లో ఒక పాత చట్టం ఉండేది, దాని కింద విచారణకి అప్పటి చాన్సలర్ మెర్కెల్ సరేనన్నారు. ఆ గొడవలో ఒక ఎంపీ, అది ఎంత నీచంగా ఉందో చూపించడానికని, ఆ పద్యాన్ని పార్లమెంటులో చదివాడు. రాత్రి పూట టీవీలో పుట్టి పోవాల్సిన పద్యం పార్లమెంటు రికార్డుకెక్కింది. క్రిమినల్ కేసు నిలవలేదు. ఆ పాత చట్టాన్నే 2018 జనవరి 1 నుంచి ఎత్తేశారు.

నీ కథలో రాజుకి కోపం వస్తుంది, తల తెగుతుంది. మధ్యలో ఎవరూ లేరు. కోపం అలా నడవదమ్మా. దానికి ఫైలు కావాలి, నంబరు కావాలి, సంతకం కావాలి. టర్కీ శిక్షాస్మృతిలో 299వ సెక్షన్ ఉంది, అధ్యక్షుణ్ణి అవమానిస్తే ఒకటి నుంచి నాలుగేళ్ల జైలు. ఎర్డోగాన్ అధ్యక్షుడైన 2014 నుంచి ఏడేళ్లలో ఆ సెక్షన్ కింద 1,60,169 విచారణలు, 35,507 కేసులు, 12,881 శిక్షలు. లక్షా అరవై వేల ఫైళ్లంటే ఎన్ని బీరువాలో నేను లెక్కేశాను, మాకు అలవాటు. ప్రతి ఫైల్లోనూ ఎవడో ఒక గుమాస్తా అధ్యక్షుడి మీద తిట్టుని తప్పుల్లేకుండా ఎక్కించి ఉంటాడు. ఆ దేశంలో ఆయన మీద తిట్లన్నీ భద్రంగా ఉన్న చోటు ప్రభుత్వ కార్యాలయమే.

ఇక నీ ‘ఒకానొక’ మీద నాకింత కోపం ఎందుకో చెప్పాలి.

1986లో మా ఊరి మునిసిపల్ చైర్మన్‌కి ఒక జబ్బుండేది. ఊళ్లో అచ్చయ్యే నాలుగు పేజీల పక్షపత్రికలో తన మీద ఏమన్నా వస్తే, తెల్లారేసరికి బస్టాండుకి మనుషుల్ని పంపి కాపీలన్నీ కొనిపించేవాడు. పత్రికవాడు తెలివైనవాడు, డబ్బు అవసరమైనప్పుడల్లా ఆయన మీద రాసేవాడు. నేను దీన్ని కథగా రాశాను. బస్టాండు, కాపీలు మోసుకొచ్చే రిక్షావాడు, ఆ కాగితాల్లో బజ్జీలు కట్టే చైర్మన్‌గారి బావమరిది, అన్నీ పెట్టాను. మనిషి పేరొక్కటే మార్చాను. ఒక పెద్ద వారపత్రికకి పంపితే సంపాదకుడు పిలిపించాడు. అప్పట్లో ప్రతీకల రోజులు. ‘ఇది మరీ లోకల్‌గా ఉందండీ. రాజుగారు అనండి, తాళపత్రాలు అనండి, ప్రతీకాత్మకంగా ఉంటే స్థాయి పెరుగుతుంది’ అన్నాడు. నాకు భార్యా ఇద్దరు పిల్లలూ, మీదుమిక్కిలి పెద్ద పత్రికలో పేరు చూసుకోవాలనే యావ. రిక్షావాణ్ణి తీసేసి భటుణ్ణి పెట్టాను. బజ్జీలు పోయాయి.

కథ అచ్చయింది. ఉగాది సభలో చైర్మన్‌గారు నన్ను వేదిక మీదకి పిలిచి ‘మా ప్రత్యర్థి గారి బాగోతం బ్రహ్మాండంగా రాశారండీ’ అని చెవిలో చెప్పి శాలువా కప్పాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవాల్సిన పెద్దమనిషి నా భుజాల మీద శాలువా కప్పాడు. మా ఆవిడ దాన్ని చాలాకాలం ఇస్త్రీ చేసేటప్పుడు బల్ల మీద పరిచేది. ఆ సంపాదకుడి మీద కోపం నాకింకా పోలేదు. ఇప్పుడు వర్క్‌షాపులు పెట్టి మీ అందరికీ ‘సార్వజనీనత’ నేర్పుతున్నవాళ్లూ ఆయన శిష్యులేనని నా అనుమానం.

నీ రాజు దగ్గర ఇంకో ఇబ్బంది. పుట్టుకతోనే మూర్ఖుడు. అసలు మనిషి అలా కాదు. 1997లో ఎర్డోగాన్ ఇస్తాంబుల్ మేయరు. సీర్ట్ అనే ఊళ్లో సభలో ఒక కవిత చదివాడు. దానికి పది నెలల శిక్ష వేశారు, పదవి పోయింది, 1999లో నాలుగు నెలలు జైల్లో ఉన్నాడు. ఒక కవితకి జైలెలా ఉంటుందో లోపల్నుంచి చూసొచ్చిన మనిషి ప్రధాని అయ్యాక, తనని దారపు ఉండలో చిక్కుకున్న పిల్లిలా గీసిన కార్టూనిస్టు మీద దావా వేశాడు. అది 2004-05 నాటి మాట. దానికి ఓ హాస్యపత్రిక మండిపడి ఆయన తలకాయతో ఏనుగు, జిరాఫీ, కోతి, ఇలా ఒక జూ మొత్తం అట్ట మీద వేసింది. దాని మీదా దావా, అది కొట్టేశారు. జైలు నుంచి వచ్చిన ఆ మనిషికీ ఈ మనిషికీ మధ్య ఏం జరిగిందో నాకు అర్థం కాదు. నీకు అర్థమైతే రాయి. మూఢపురి రాజు గురించి అర్థం చేసుకోవడానికి ఏమీ లేదు.

2014 మార్చి 20న బుర్సా అనే ఊళ్లో సభలో ఎర్డోగాన్ ‘ట్విట్టర్ లేదు గిట్టర్ లేదు, అన్నీ పెరికేస్తాం’ అన్నాడట. వాళ్ల భాషలోనూ మనలాగే గిట్టర్ లాంటి మాట ఉందని నాకు భలే సంతోషమేసింది. ఆ రాత్రే ట్విట్టర్ ఆపేశారు. జనం గోడల మీద, ఎన్నికల పోస్టర్ల మీద 8.8.8.8 అని రాశారు, నిషేధం దాటి లోపలికి దూరే నంబరట. అప్పటి అధ్యక్షుడు గుల్, ఇలా పూర్తిగా మూసేయడం తగదని, ఆ మూసేసిన ట్విట్టర్‌లోనే రాశాడు. గోడ మీద నంబరు రాసే కుర్రాడు సున్నపు డబ్బా ఎక్కణ్ణుంచి తెచ్చాడో ఆలోచించు.

మన దగ్గర మాత్రం తక్కువా అంటావు. కాదు. 2012లో మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో బంద్ గురించి ఫేస్‌బుక్‌లో రాసిన అమ్మాయినీ, దాన్ని లైక్ కొట్టిన అమ్మాయినీ కలిపి అరెస్టు చేశారు. ఆన్‌లైన్ రాతల మీద కేసులు పెట్టే ఐటీ చట్టం 66ఏ సెక్షన్ని 2015లో కొట్టేసినా కేసులు పడుతూనే ఉన్నాయని 2021లో సుప్రీంకోర్టే విస్తుపోయింది. మన రెండు రాష్ట్రాల్లో ప్రభుత్వం మారితే ఫిర్యాదు చేసేవాళ్లూ ముద్దాయిలూ కుర్చీలు మార్చుకుంటారు, అంతే. అది నీకు దగ్గరైతే అదే రాయి, నాకభ్యంతరం లేదు. పోలీస్ స్టేషన్ ఏదో, రైటర్ ఎవరో తెలిసి రాయి.

టర్కీలో ఒక పత్రికావిలేకరి 2022లో టీవీలో ఒక సామెత చెప్పి, దాన్నే ట్విట్టర్లో పెట్టినందుకు అర్ధరాత్రి అరెస్టయింది. ఎద్దు కోటలోకొస్తే రాజైపోదు, కోటే కొట్టమవుతుందని సామెత. నాకు నోట మాట రాలేదు. బంగారు సింహాసనం మీద కుక్కని కూర్చోబెట్టే సుమతీ పద్యం మా చిన్నప్పుడు మూడో తరగతిలో గట్టిగా, వరసగా నిలబెట్టి చదివించేవాళ్లు. అంకారాలో మా మాస్టారికి ఎన్నేళ్లు పడేవో!

సరే, ఒక్క మెప్పు బాకీ ఉన్నాను. నాలుగో పేజీలో రాజుగారికి పోస్టులు చదివి వినిపించే కుర్రాడు ఒకడున్నాడు. ఒక తిట్టు దగ్గరికి రాగానే ఆగి దగ్గుతాడు. ‘తర్వాత’ అంటాడు రాజు. కుర్రాడు తర్వాతది చదువుతాడు. మూడే వాక్యాలు. ఆ దగ్గు దగ్గర నేను కళ్లద్దాలు తీసి కూర్చున్నాను. వాడు ఆ తిట్టు చదివేశాడు, మనసులో. రాజుకీ తెలుసు వాడు చదివాడని. మళ్లీ ఆ రాత్రి వాళ్లిద్దరూ ఒకరి ముఖం ఒకరు ఎలా చూసుకున్నారు? నువ్వు వాణ్ణి అక్కడే వదిలేసి తిరుగుబాటుకి పరిగెత్తావు. జనం తిరగబడటం నాకొద్దు. వాడు కావాలి.

కలం పేరు పెట్టుకోవాలా, ఏ పత్రికకి పంపాలి, పారితోషికం ఎంతిస్తారు అని అడిగావు. వాటి గురించి ఇంకోసారి. నా మీద కేసు పడుతుందా సార్ అని కూడా అడిగావు. మూఢపురికైతే పడదు.

నీ కాగితాలు తిప్పి పంపుతున్నాను. రెండో పేజీ వెనక మా చిన్న మనవరాలు ఏనుగుని గీసింది, ఏమనుకోకు. నాలుగో పేజీ నుంచి మళ్లీ మొదలుపెట్టు. కుర్రాడికి పేరు పెట్టు, ఊరు పెట్టు, జీతం ఎంతో చెప్పు, డ్యూటీ ఎన్నింటికి దిగుతాడో చెప్పు. వాడు మింగేసిన తిట్టేమిటో పూర్తిగా రాయి, చుక్కలు పెట్టకు. రెండు కాపీలు తియ్యి, ఒకటి నా దగ్గరుంటుంది.

ఇట్లు,
నీ మేలు కోరే
పాత బెంచి క్లర్కు