హెచ్ 202 కనిపించిందంటే లెక్కలు పోయాయని కాదు

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: మా కార్యాలయంలో క్విక్‌బుక్స్ డెస్క్‌టాప్ అనే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌ను ఐదు సిస్టమ్‌లలో వాడుతున్నాం. లెక్కలన్నీ ఉండే కంపెనీ ఫైలు మాత్రం సర్వర్‌గా పెట్టుకున్న ఒక సిస్టమ్‌లో ఉంటుంది. రౌటర్ మార్చిన మరునాటి నుంచి మిగిలిన నాలుగింటిలో ఫైలు తెరవబోతే హెచ్ 202 అనే దోషం వస్తోంది. సర్వర్ మీద అదే ఫైలు మామూలుగానే తెరుచుకుంటోంది. జీతాల లెక్క వేయాల్సిన రోజులు కావడంతో అందరం కంగారు పడుతున్నాం. ఫైలు పాడైందని, సాఫ్ట్‌వేర్ మొత్తం తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయాలని ఒకరు చెప్పారు. ఆ పని చేయమంటారా?
– ఒక అకౌంటెంట్

జవాబు: చేయకండి. సర్వర్ మీద ఫైలు తెరుచుకుంటోందని మీరే రాశారు. మీ లెక్కలు భద్రంగా ఉన్నాయనడానికి అంతకంటే మంచి గుర్తు లేదు. హెచ్ అక్షరంతో మొదలయ్యే 101, 202, 303, 505 అనే నాలుగు దోషాలూ ఒకే కుటుంబానికి చెందినవి. ఫైలు వేరే కంప్యూటర్‌లో ఉంది, అక్కడికి చేరుకోలేకపోతున్నాను అన్నదే వాటి సారాంశం. ఫైలు లోపల ఏదో చెడిందని వాటిలో ఏ ఒక్కటీ చెప్పదు. ఈ తేడా తెలియకనే చాలామంది బాగున్న ఫైలును పాత బ్యాకప్‌తో మార్చేసి, మధ్యలో చేసిన పని పోగొట్టుకుంటారు.

మీ ఉత్తరంలో అసలు ఆధారం రౌటర్ మార్చామన్న మాటలోనే ఉంది. కొత్త రౌటర్ పెట్టగానే సాధారణంగా రెండు మార్పులు జరుగుతాయి. ఒకటి, సర్వర్‌కు కొత్త ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో ఆ సిస్టమ్‌ను గుర్తించే అంకెల చిరునామా) రావచ్చు. రెండోది, విండోస్ దాన్ని ఎప్పుడూ చూడని నెట్‌వర్క్‌గా భావించి ‘పబ్లిక్’ వర్గంలో చేర్చవచ్చు. అలా చేర్చినప్పుడు సిస్టమ్‌కు కాపలా కాసే ఫైర్‌వాల్ బయటి సిస్టమ్‌ల నుంచి వచ్చే పిలుపులను చాలావరకు అడ్డుకుంటుంది. ఈ రెంటిలో ఏది జరిగినా సర్వర్‌లో పని చేసేవారికి తేడా తెలియదు, మిగిలినవారికి మాత్రం దారి మూసుకుపోతుంది.

మొదటి సంగతిని మీ కళ్లతో మీరే చూడవచ్చు. కంపెనీ ఫైలు ఉన్న ఫోల్డర్ తెరిస్తే అదే పేరుతో, చివర ‘.ఎన్‌డి’ అని ఉన్న చిన్న ఫైలు ఒకటి కనిపిస్తుంది. దాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరవండి. లోపల కొన్ని వరుసలే ఉంటాయి. వాటిలో సర్వర్ ఐపీ, సర్వర్ పోర్టు (సిస్టమ్‌లో ఒక ప్రోగ్రామ్‌ను చేరే దారికి ఇచ్చిన అంకె) అన్నవి చూడండి. ఉదాహరణకు అక్కడ 192.168.1.14 అని ఉండి, ఈరోజు మీ సర్వర్ అసలు అడ్రస్ 192.168.1.22 అయి ఉంటే, మిగిలిన సిస్టమ్‌లు ఖాళీ చేసి వెళ్లిన ఇంటి తలుపు తడుతున్నాయన్నమాట. ఈరోజు అడ్రస్ ఎంతో తెలుసుకోవడానికి సర్వర్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ‘ఐపీకాన్ఫిగ్’ (ipconfig) అని కొడితే చాలు. నోట్‌ప్యాడ్‌లో అడ్రస్‌ను చేత్తో దిద్దవద్దు. సర్వర్‌లో ఉండే ‘క్విక్‌బుక్స్ డేటాబేస్ సర్వర్ మేనేజర్’ తెరిచి, కంపెనీ ఫైలు ఉన్న ఫోల్డర్‌ను చూపించి స్కాన్ చేయిస్తే ఆ చిన్న ఫైలు సరైన వివరాలతో మళ్లీ తయారవుతుంది. ఆ ప్రోగ్రామే సర్వర్‌లో కనిపించకపోతే, దాన్ని ఇన్‌స్టాల్ చేయడమే మీరు చేయాల్సిన మొదటి పని.

అంతటితో పని నడుస్తుంది గానీ, రౌటర్ మళ్లీ ఆగి మొదలైన రోజు అడ్రస్ మారి ఇదే కథ మొదటికి రావచ్చు. కాబట్టి సర్వర్‌కు మారని ఐపీ అడ్రస్ ఇవ్వండి, లేదా రౌటర్ సెట్టింగులలోనే ఆ సిస్టమ్‌కు ఒక అడ్రస్ కేటాయించి ఉంచండి. పది నిమిషాల పని ఇది. నన్నడిగితే, కార్యాలయంలో సర్వర్ పెట్టిన రోజునే జరగవలసింది, ఎక్కువచోట్ల జరగనిది ఇదే.

స్కాన్ చేసిన తరువాత కూడా హెచ్ 202 వస్తూ ఉంటే సర్వర్ కాని ఒక సిస్టమ్ దగ్గర కూర్చొని, కమాండ్ ప్రాంప్ట్‌లో ‘పింగ్’ అని కొట్టి పక్కన సర్వర్ పేరు రాయండి. పేరుతో పిలిస్తే జవాబు రాకుండా ఐపీ అడ్రస్‌తో పిలిస్తే వస్తోందంటే, పేరును అడ్రస్‌గా మార్చి చెప్పే చోట తప్పుందని అర్థం. పేరుకు జవాబుగా పాత అడ్రస్ కనిపిస్తే ఆ సిస్టమ్ పాత సంగతినే గుర్తు పెట్టుకుంది; దాన్ని ఒకసారి రీస్టార్ట్ చేసి చూడండి. రెండు విధాలా జవాబు రాకపోతే మాత్రం సర్వర్ అందుబాటులో లేదని వెంటనే తేల్చవద్దు, ఎందుకంటే ఫైర్‌వాల్ పింగ్‌ను కూడా అడ్డుకోగలదు. అప్పుడు సర్వర్‌లో నెట్‌వర్క్ సెట్టింగులు తెరిచి, అది ‘పబ్లిక్’ అని ఉంటే ‘ప్రైవేట్’గా మార్చండి.

ఫైర్‌వాల్ విషయంలో ఒక్క మాట. దాన్ని పూర్తిగా ఆపేస్తే పని నడిచింది కదా అని అలాగే వదిలేసేవారున్నారు. కారణం తెలుసుకోవడానికి ఐదు నిమిషాలు ఆపి చూడటం వేరు, లెక్కలన్నీ ఉన్న సిస్టమ్‌ను కాపలా లేకుండా వదిలేయడం వేరు. ఆపినప్పుడు ఫైలు తెరుచుకుంటే దోషం ఫైర్‌వాల్‌దేనని తేలినట్టు. వెంటనే దాన్ని మళ్లీ ఆన్ చేసి, అవసరమైన పోర్టులకు మాత్రమే అనుమతి ఇవ్వండి. ఫైళ్లను కనిపెట్టి చూసే సర్వీసు 8019 పోర్టును వాడుతుంది. డేటాబేస్ పోర్టు సంగతి వేరు: 2019 వెర్షన్ నుంచి అది ఒక్కో సంస్థాపనకు ఒక్కో విధంగా కేటాయించబడుతుంది కనుక, ఎవరో ఇచ్చిన అంకెను ఎక్కించుకోకుండా, డేటాబేస్ సర్వర్ మేనేజర్‌లోని ‘పోర్ట్ మానిటర్’ ట్యాబ్‌లో మీ వెర్షన్ పక్కన ఏ అంకె ఉందో చూసి దానికే అనుమతి ఇవ్వాలి.

చివరిగా, సర్వర్‌లో ‘సర్వీసెస్’ విండో తెరిచి రెండు పేర్లు వెతకండి. మొదటిది క్విక్‌బుక్స్‌డీబీ అని, పక్కన వెర్షన్‌ను తెలిపే అంకెతో ఉంటుంది. 2023 వెర్షన్‌కు 33, 2024 వెర్షన్‌కు 34. రెండోది క్యూబీసీఎఫ్‌మానిటర్‌సర్వీస్. రెండూ నడుస్తున్న స్థితిలో, స్టార్టప్ పద్ధతి ‘ఆటోమేటిక్’గా ఉండాలి. సర్వీసు ఆగిపోతే తనంతట తానే మళ్లీ మొదలయ్యేలా ‘రికవరీ’ ట్యాబ్‌లో ఏర్పాటు చేసుకోవచ్చు. సర్వర్ నిద్రావస్థలోకి వెళ్లకుండా పవర్ సెట్టింగులు కూడా మార్చండి. ఉదయం పూట మాత్రమే వచ్చి, ఎవరో సర్వర్ మౌస్ కదపగానే మాయమయ్యే దోషానికి కారణం తరచుగా ఇదే.

ప్రశ్న: మాది మూడు సిస్టమ్‌ల చిన్న వ్యాపారం. మొదట నేను ఫైలు తెరిస్తే మిగిలిన ఇద్దరికీ హెచ్ 505 వస్తుంది. ఆ ఇద్దరిలో ఒకరు ముందు తెరిస్తే నాకు వస్తుంది. ఒక్కోరోజు అందరికీ తెరుచుకుంటుంది. ఇంత నిలకడ లేని దోషాన్ని ఎలా పట్టుకోవాలి?
– ఒక వ్యాపారి

జవాబు: ఎవరు ముందు తెరిచారన్నదాన్ని బట్టి దోషం మారుతోందంటే, నాకు కలిగే మొదటి అనుమానం మీ దగ్గర ఒకటికి మించిన సిస్టమ్‌లు హోస్ట్‌గా ఉన్నాయని. ఫైలును అందరికీ పంచే బాధ్యత ఒక్క సిస్టమ్‌కే ఉండాలి. అది ఫైలు ఉన్న సిస్టమే కావాలి. రెండు సిస్టమ్‌లు ఆ బాధ్యత తీసుకుంటే, ఏది ముందు ఫైలును చేజిక్కించుకుంటే రెండోదానికి దారి మూసుకుపోతుంది.

ఇది ఎవరూ కావాలని చేసే తప్పు కాదు. సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు కంపెనీ ఫైలును ఈ కంప్యూటర్‌లోనే ఉంచి పంచుకుంటారా అని అడుగుతుంది. హడావుడిలో అన్ని సిస్టమ్‌లలోనూ అవునని నొక్కేస్తారు.

సరిచూడటం తేలికే గానీ అందులో ఒక మెలిక ఉంది. ఒక్కో సిస్టమ్‌లో ‘ఫైల్’ మెనూలోకి వెళ్లి, ‘యుటిలిటీస్’ తెరవండి. అక్కడ ‘హోస్ట్ మల్టీ-యూజర్ యాక్సెస్’ అని కనిపిస్తే ఆ సిస్టమ్ ఇప్పుడు హోస్ట్ కాదని అర్థం. ‘స్టాప్ హోస్టింగ్ మల్టీ-యూజర్ యాక్సెస్’ అని కనిపిస్తే అది హోస్ట్‌గా ఉందని అర్థం. మెనూ చెప్పేది ఇప్పుడున్న స్థితిని కాదు, నొక్కితే జరగబోయే పనిని. ‘హోస్ట్’ అన్న మాట చూసి, ఇది హోస్ట్‌గానే ఉందనుకొని వదిలేసేవారు ఎందరో. ఇంకా కొందరు దాన్ని నొక్కి, లేని చిక్కును కొత్తగా తెచ్చుకుంటారు. అనుమానం ఉంటే ఫైలు తెరిచి ఉన్నప్పుడు ఎఫ్ 2 మీట నొక్కండి. వచ్చే విండోలో హోస్టింగ్ గురించి, సర్వర్ పేరు గురించి స్పష్టంగా రాసి ఉంటుంది.

ఫైలు లేని రెండు సిస్టమ్‌లలో హోస్టింగ్ ఆపివేయండి. ఆ తరువాత మూడింటినీ మూసి, ఫైలు ఉన్న సిస్టమ్‌ను ముందుగా ఆన్ చేసి, అది పూర్తిగా సిద్ధమయ్యాకే మిగిలినవి తెరవండి. మూడింటిలోనూ ఒకే సంవత్సరపు వెర్షన్ ఉందో లేదో కూడా ఇదే సమయంలో చూసుకోండి. మీరు వాడేది క్విక్‌బుక్స్‌లో ‘ప్రో’ రకం అయితే ఒకేసారి ముగ్గురికి మించి పని చేయలేరన్నది గుర్తుంచుకోవాలి. ‘ప్రీమియర్’లో ఆ పరిమితి ఐదుగురు. నాలుగో మనిషిని పనిలో పెట్టుకున్న రోజు వచ్చే ఆటంకాన్ని నెట్‌వర్క్ దోషమనుకొని వెతికితే అది ఎన్నటికీ దొరకదు.

ప్రశ్న: మల్టీ-యూజర్ విధానంలో, అంటే ఒకే ఫైలును పలువురు ఒకేసారి వాడేటప్పుడు, దోషం వస్తే ‘.ఎన్‌డి’, ‘.టీఎల్‌జీ’ అనే ఫైళ్లను తీసేయమని చదివాను. మా ‘.టీఎల్‌జీ’ ఫైలు కంపెనీ ఫైలు కంటే పెద్దదిగా ఉంది. రెంటినీ తొలగించవచ్చా?
– కార్యాలయ నిర్వాహకురాలు

జవాబు: రెంటినీ ఒకే గాటన కట్టకండి. ‘.ఎన్‌డి’ ఫైలులో ఉండేది దారి చూపే సమాచారం మాత్రమే. మీ లావాదేవీ ఒక్కటి కూడా అందులో ఉండదు. దాని పేరు చివర ‘.ఓల్డ్’ అని చేర్చి పక్కన పెడితే, స్కాన్ చేసినప్పుడు కొత్తది పుడుతుంది.

‘.టీఎల్‌జీ’ సంగతి అది కాదు. చివరిసారి పూర్తి పరీక్షతో బ్యాకప్ తీసిన దగ్గర నుంచి మీరు నమోదు చేసిన ప్రతి లావాదేవీ చిట్టా అందులో ఉంటుంది. రేపు కంపెనీ ఫైలు నిజంగానే చెడితే, పాత బ్యాకప్‌నూ ఈ చిట్టానూ కలిపి పోయిన పనిని తిరిగి తెచ్చుకోవడానికి అవకాశం ఉంటుంది. దాన్ని తొలగించడమంటే, అవసరం వచ్చినప్పుడు పట్టుకోవలసిన ఒకే ఒక్క తాడును ముందుగానే కోసుకోవడం.

అది పెద్దదవడానికి కారణం, చాలాకాలంగా మీరు సాఫ్ట్‌వేర్ నుంచి సరైన బ్యాకప్ తీయకపోవడం. ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయడం మంచిదే, కానీ ఆ కాపీ చిట్టాను తగ్గించదు. సింగిల్ యూజర్ విధానంలోకి మారి, బ్యాకప్ ఐచ్ఛికాలలో ‘కంప్లీట్ వెరిఫికేషన్’ ఎంచుకొని బ్యాకప్ తీయండి. అది పూర్తయ్యాక చిట్టా ఫైలు తనంతట తానే చిన్నదవుతుంది. పరీక్షలో ఏదైనా దోషం కనిపిస్తే అక్కడితో ఆగి, కంపెనీ ఫైలునూ చిట్టానూ రెంటినీ వేరే డిస్క్‌లోకి కాపీ చేసుకున్న తరువాతే మరమ్మతు సంగతి చూడండి.

ప్రశ్న: సర్వర్ తలనొప్పి వద్దని కంపెనీ ఫైలును ఇంటర్నెట్‌తో సింక్ అయ్యే ఫోల్డర్‌లో పెట్టాలనుకుంటున్నాం. ఇంటి నుంచి పని చేసే ఒకరికి కూడా అప్పుడు వీలుగా ఉంటుంది. ఇది సరైన ఆలోచనేనా?
– ఒక పాఠకుడు

జవాబు: కాదండీ. అకౌంటింగ్ ఫైలు మామూలు ఉత్తరం లాంటిది కాదు. అది ఒక డేటాబేస్. తెరిచి ఉన్నంతసేపూ అందులో చిన్న చిన్న ముక్కలు మారుతూనే ఉంటాయి. సింక్ ప్రోగ్రామ్ ఆ ఫైలును మధ్యలో పట్టుకుంటే సగం రాసిన స్థితి పైకి వెళ్తుంది, లేదా అది ఫైలుకు తాళం వేసి మీ పనిని ఆపుతుంది. ఇద్దరు ఒకేసారి మార్చితే రెండు వేర్వేరు కాపీలు పుడతాయి. ఒక బిల్లు ఒకదానిలో, దాని వసూలు మరొకదానిలో ఉన్న రెండు పుస్తకాలను కలిపే బాధ నిజంగా పడినవారికే తెలుస్తుంది. సర్వర్ దోషాన్ని ఒక పూటలో సరిచేయవచ్చు గానీ దీన్ని అలా సరిచేయలేము.

నెట్‌వర్క్ స్టోరేజ్ డబ్బాలో పెట్టడం గురించి కూడా కొందరు అడుగుతుంటారు. డేటాబేస్ సర్వర్ మేనేజర్ నడవని పరికరంలో కంపెనీ ఫైలును ఉంచి మల్టీ-యూజర్‌గా వాడటం కుదరదు. అది బ్యాకప్‌లు దాచుకోవడానికి పనికొస్తుంది.

ఇంటి నుంచి పని చేసేవారు వీపీఎన్ (ఇంటర్నెట్ మీదుగా కార్యాలయ నెట్‌వర్క్‌కు కలిపే భద్రమైన దారి) ద్వారా నేరుగా ఫైలు తెరవకూడదు, ఎందుకంటే మధ్యలో లైను తెగితే రాస్తున్న ముక్క అసంపూర్తిగా మిగిలిపోయే ప్రమాదం ఉంది. వారు రిమోట్ డెస్క్‌టాప్ ద్వారా కార్యాలయంలోని తమ సిస్టమ్‌నే వాడుకోవాలి. అప్పుడు తెర మీద కనిపించే బొమ్మ మాత్రమే ఇంటర్నెట్ మీద ప్రయాణిస్తుంది, ఫైలు కార్యాలయం దాటదు. లైను తెగినా అక్కడి సిస్టమ్‌లో పని ఎక్కడిదక్కడే ఉండి, మళ్లీ కలవగానే అదే వరుస దగ్గర తెరుచుకుంటుంది. రిమోట్ డెస్క్‌టాప్‌ను మాత్రం నేరుగా ఇంటర్నెట్‌కు తెరిచి పెట్టకుండా వీపీఎన్ లోపలి నుంచే వాడేలా ఏర్పాటు చేయించుకోండి.