హెడ్‌లు మీటింగుకి రావడం లేదన్న అమ్మాయికి

హైదరాబాద్

అమ్మాయ్,

నీ మెయిల్ రెండుసార్లు చదివాను. మీ మందుల కంపెనీలో ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్చర్, అంటే కంపెనీ పనులకూ కంప్యూటర్ సిస్టమ్‌లకూ కలిపి వేసే ప్లాను, ఆ బాధ్యత నీ చేతికొచ్చి కొన్ని నెలలే అయింది. ప్లానింగ్ మీటింగ్ పెడితే సేల్స్ హెడ్ డిప్యూటీని పంపుతున్నారు, ప్లాంట్ హెడ్ కెమెరా ఆపేసి కూర్చుంటున్నారు, ఫైనాన్స్ నుంచి ఎవరూ రావడమే లేదు అన్నావు. పైగా "ఐటీ వాళ్ళే తేల్చేయండి, మాకేం అభ్యంతరం లేదు" అంటున్నారట. అన్నిటికంటే ప్రమాదం ఆ చివరి మాటే. ఇవాళ అభ్యంతరం లేదన్నవాళ్ళే రెండేళ్ళు పోయాక, డబ్బంతా ఖర్చయ్యాక, ఇది మాకు పనికిరాదంటారు. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

నువ్వు గీసిన ప్లాను బొమ్మ చూసి బాగుందని చెప్పడానికి వాళ్ళను పిలుస్తున్నావు. అక్కడ వాళ్ళకు పనేమీ లేదు. హెడ్ స్థాయిలో ఉన్న మనిషి తన మాటతో ఏదైనా తేలే చోటికి ఎంత తీరిక లేకపోయినా వస్తారు. తేలేదేమీ లేని చోటికి డిప్యూటీని పంపుతారు. కాబట్టి ఒక్కొక్కరి ముందూ వాళ్ళు తప్ప ఇంకెవరూ జవాబు చెప్పలేని ప్రశ్న ఒకటి పెట్టు.

ఎలాంటి ప్రశ్నంటే, మీ ఎండీగారిని "సిస్టమ్‌లను కలిపే ఇంటిగ్రేషన్ లేయర్‌కి ఆమోదం ఇస్తారా" అని అడగకు. "రేపు ఇంకో చిన్న కంపెనీని కొంటే దాన్ని ఏడాదిలోపు మనలో కలిపేసుకుంటామా, లేక దాని మానాన దాన్ని నడవనిస్తామా?" అని అడుగు. ఆయన పది నిమిషాల్లో చెప్పేస్తారు, ఇంకెవరూ చెప్పలేరు. లెక్కలూ స్టాకూ నడిపే ఎస్‌ఏపీ సాఫ్ట్‌వేర్ ఒకటే ఉండాలా రెండుండాలా, మందులు, కస్టమర్ల మూల వివరాలు (మాస్టర్ డేటా) ఎక్కడ పెట్టాలి, కొత్త లైసెన్సులు ఎన్ని కొనాలి అన్నవన్నీ ఆ ఒక్క జవాబు మీదే నిలబడతాయి. ఆపరేషన్స్ హెడ్‌నైతే "మూడు ప్లాంట్లకూ కొనుగోలు పద్ధతి ఒకటే ఉండాలా, ఎవరిది వాళ్ళకేనా?" అని అడుగు. ఒకటే అంటే ప్లాంట్ మేనేజర్లు గొడవ చేస్తారు. వేరువేరంటే ఖర్చు పెరుగుతుంది. ఆ గొడవా ఆ ఖర్చూ రెండూ ఆయనవే, నీవి కావు. ఇలాంటివి ఐటీ గదిలో కూర్చుని మనమే తేల్చేసుకుంటే మనది కాని అధికారం తీసుకున్నట్టు.

ఇది నేను కొత్తగా చెబుతున్నదేమీ కాదు. 1987లో జాన్ జాక్‌మన్ ఐబీఎం పత్రికలో తన ఆర్కిటెక్చర్ పట్టిక ప్రచురించినప్పుడే యజమాని చూపు పై వరుసలోనూ, కట్టేవాడి చూపు దాని కిందా పెట్టాడు. 1995లో మొదలైన టోగాఫ్ అనే ఆర్కిటెక్చర్ పద్ధతిలోనూ బిజినెస్ ఆర్కిటెక్చర్ ముందు, డేటా, అప్లికేషన్లు, టెక్నాలజీ ఆ తర్వాతే. 1996లో అమెరికా క్లింగర్-కోహెన్ చట్టం తెచ్చి ప్రభుత్వ శాఖల ఐటీ అధిపతుల (సీఐఓల) మీద ఐటీ ఆర్కిటెక్చర్ బాధ్యత పెట్టింది. 2018లో మన కేంద్ర ఐటీ శాఖ తెచ్చిన ఇండియా ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్చర్‌లో కూడా పనితీరుకూ బిజినెస్‌కూ విడిగా నమూనాలున్నాయి. నీకు క్లింగర్-కోహెన్ లాంటి చట్టం అండ లేదు. మనుషులతో ఉన్న సంబంధంతోనే నెట్టుకురావాలి. ఇంకో మాట, ఈ పేర్లేవీ హెడ్‌ల ముందు ఎత్తకు. సర్టిఫికేషన్‌కి చదివింది నీ దగ్గరే ఉండనీ. వాళ్ళ ముందు స్టాకిస్ట్, టెండర్, స్కీమ్, ఎక్స్‌పైరీ రిటర్న్స్, బ్యాచ్ రిలీజ్ అనే మాటలే వాడు. కంపెనీ ఏమేం పనులు చేస్తుందో చూపించే నీ కేపబిలిటీ మ్యాప్‌లో గళ్ళకు కూడా ఆ పేర్లే పెట్టు.

ఇక అసలు పని. ముందు ప్లాంట్‌కి వెళ్ళు. ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి ముత్తంగి దగ్గర దిగితే మీ ప్లాంట్ ఉన్న పాశమైలారం ఎంత దూరమని? ఒక బ్యాచ్‌ని పట్టుకో. టాబ్లెట్లు ప్యాకింగ్ అయ్యాయి, ప్యాలెట్‌కి పరీక్ష తేలేదాకా కదపొద్దనే క్వారంటైన్ లేబుల్ అంటించి గోడౌన్‌లో పెట్టారు అనుకో. అక్కణ్ణుంచి రిలీజ్ లేబుల్ పడి లారీ ఎక్కేదాకా ఆ బ్యాచ్ వెంటే తిరుగు. మందుల కంపెనీల్లో నేను చూసినంతవరకు కథ ఇంచుమించు ఇలా ఉంటుంది. మందుని పరీక్షించే క్యూసీ ల్యాబులో రిజల్టు ఒక సిస్టమ్‌లో ఉంటుంది. ఒకబ్బాయి దాన్ని చూసి ఎక్సెల్‌లో మళ్ళీ కొట్టి అనాలిసిస్ సర్టిఫికెట్ తయారుచేస్తాడు. ఇంకొకరు దాన్ని స్క్రీన్‌తో పోల్చి చూసి ప్రింట్ తీస్తారు, నాణ్యతకు పూచీపడే క్యూఏ వాళ్ళు సంతకం పెడతారు. ఆ కాగితం ఫోటో వాట్సాప్‌లో గోడౌన్‌కి వెళ్ళాక అక్కడొకరు ఎస్‌ఏపీలో స్టాక్‌ని రిలీజ్‌కి మారుస్తారు. ఎక్స్‌పోర్ట్స్‌లో కూర్చున్నమ్మాయి అదే మందుని వేరే కోడ్‌తో వెతుక్కుంటుంది. ప్లాంట్ కోడ్ ఒకటి, సేల్స్ కోడ్ ఇంకొకటి, రెగ్యులేటరీ ఫైల్లో రాసుకున్నది మరొకటి. ఏది దేనికి సరిపోతుందో ఆ అమ్మాయి దగ్గరున్న ఎక్సెల్ షీటుకి తప్ప కంపెనీలో ఎవరికీ తెలియదు. ఆవిడ సెలవు పెట్టిన రోజు కంటైనర్ ఆగుతుంది.

ఇదంతా ఒక్క ఏ3 కాగితం మీద పెన్సిల్‌తో గియ్యి. పై వరుసలో పని, దాని కింద ఏ సిస్టమ్, దాని కింద ఎవరు మళ్ళీ టైప్ చేస్తున్నారు, అన్నిటికన్నా కింద ఎన్ని గంటలు ఆగింది. ఆగిన గంటలు మాత్రం ఎర్ర పెన్నుతో రాయి. స్లైడ్లు వద్దు, టూల్‌లో గీసిన అందమైన బొమ్మలూ వద్దు. పూర్తయిపోయినట్టు కనబడే బొమ్మను ఎవరూ దిద్దరు, పెన్సిల్ గీతను అందరూ దిద్దుతారు. నేను పనిచేసిన ఒక కంపెనీలో సప్లై చైన్ హెడ్ అలాంటి కాగితం చూసి, "ఇక్కడ ఒక స్టెప్ వదిలేశావు, ట్రాన్స్‌పోర్టర్ రేటు ఖరారు కాక ఒక పూట పోతుంది" అని నా చేతిలో పెన్ను తీసుకుని తనే రాశారు. ఆ రోజు నుంచి ఆ కాగితం ఆయనదైంది. తర్వాత స్టీరింగ్ కమిటీలో దాన్ని వివరించిందీ ఆయనే, బడ్జెట్ అడిగిందీ ఆయనే. ఎర్ర అంకెలు తన నోటితో చెబుతుంటే పక్కన కూర్చున్న ఫైనాన్స్ హెడ్ ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. నువ్వు కోరుకోవలసింది అదే. కాగితం మీద వాళ్ళ చేతిరాత పడాలి.

అదే కాగితం క్వాలిటీ హెడ్ దగ్గరికి తీసుకెళ్ళు, ఆవిడకు వేరే సంగతి కనబడుతుంది. రిజల్టుని చేత్తో మళ్ళీ కొట్టడమంటే డేటా ఇంటిగ్రిటీ సమస్య, రికార్డుని నమ్మొచ్చా లేదా అన్న సమస్య. ఎలక్ట్రానిక్ రికార్డుల మీద అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పెట్టిన 21 సీఎఫ్‌ఆర్ పార్ట్ 11 నిబంధన 1997 నాటిది. ఇన్‌స్పెక్టర్ వచ్చి ఈ ఎక్సెల్ ఎవరిది, ఎవరు ఎప్పుడు ఏం మార్చారో చెప్పే ఆడిట్ ట్రయల్ ఏదీ అని అడిగి, లోపాలు రాసిచ్చే ఫారం 483లో రాసి వెళితే ఏమవుతుందో ఆవిడకు నువ్వు చెప్పక్కర్లేదు. ఎక్స్‌పోర్ట్స్ హెడ్‌కి చూపిస్తే ఆయన కళ్ళు కోడ్‌ల మీదే ఆగుతాయి. అప్పుడు వాళ్ళిద్దరినీ, ప్లాంట్ హెడ్‌నీ కూర్చోబెట్టి ఒక్కటే అడుగు: మందుకి కోడ్ ఒకటే అయితే దాన్ని పుట్టించేది ఎవరు, మూసేసేది ఎవరు? ఆ పేరు తేలేదాకా ఏ సాఫ్ట్‌వేరూ కొననీయకు. కోడ్‌కి యజమాని లేకుండా ఎంత ఖరీదైన మాస్టర్ డేటా టూల్ పెట్టినా పాత చెత్త కొత్త డబ్బాలోకి వెళుతుంది, అంతే.

ఫైనాన్స్ వాళ్ళు రావడం లేదన్నావు కదా, వాళ్ళు రాగలరనడానికి రుజువు మన కళ్ళ ముందే ఉంది. జీఎస్‌టీ పోర్టల్‌లో నమోదు చేయాల్సిన ఈ-ఇన్వాయిస్ 2020 అక్టోబరులో 500 కోట్లు దాటిన టర్నోవర్ ఉన్న కంపెనీలతో మొదలైంది. మెట్టుమెట్టుగా దిగుతూ 2023 ఆగస్టుకి 5 కోట్లు దాటినవాళ్ళ దాకా వచ్చింది. కొనుగోలుదారు జీఎస్‌టీ నంబరు చెల్లనిదైనా, సరుకు రకాన్ని చెప్పే హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ చెల్లనిదైనా పోర్టల్ నుంచి ఇన్వాయిస్‌కి రావాల్సిన ఐఆర్‌ఎన్ నంబరు రాదు. ఐఆర్‌ఎన్ రాకపోతే లారీ గేటు దాటదు. కస్టమర్ మాస్టర్, అంటే కస్టమర్ల వివరాల జాబితా, ఐటీ గొడవ అనుకున్న ఫైనాన్స్ హెడ్‌లు (సీఎఫ్‌ఓలు) అప్పుడు తామే కూర్చుని రికార్డులు దిద్దించారు. మీ సీఎఫ్‌ఓకి ఈ సంగతి గుర్తుచేసి, "సార్, ఇంకో గడువు నెత్తిన పడకముందే ఈసారి మనమే ముందు చూసుకుందాం" అను.

ఆ గడువు కూడా దగ్గర్లోనే ఉంది. మీది ఇంకా ఎస్‌ఏపీ పాత వెర్షన్ ఈసీసీ అన్నావు, దాని చివరి ప్యాక్‌లకైనా ఎస్‌ఏపీ మామూలు మెయింటెనెన్స్ 2027 చివరి దాకానే. దీన్ని ఐటీ అప్‌గ్రేడ్‌గా మాత్రం సాగనీయకు. ఇన్నేళ్ళలో ఎస్‌ఏపీలో మీకోసం విడిగా రాయించుకున్న జెడ్ ప్రోగ్రాముల జాబితా తీయించి, ఏది ఎవరు చివరిసారి ఎప్పుడు వాడారో పక్కన రాయించి, ఏ విభాగానివి ఆ హెడ్‌కి ఇవ్వు. ఏది ఉంచాలో, ఏది తీసేయాలో వాళ్ళే టిక్ పెట్టాలి. ఉంచమన్న ప్రతిదానికీ కొత్త సిస్టమ్‌లోకి తేవడానికి ఎంతవుతుందో, అది ఎవరి బడ్జెట్లోంచి పోతుందో పక్కనే వేసి చూపించు. జాబితా దానంతట అదే తగ్గుతుంది.

సమయం గురించి ఒక మాట. నెలాఖరు వారం సేల్స్ వాళ్ళ జోలికి పోకు, క్లోజింగ్ టెన్షన్‌లో ఉంటారు. 20వ తేదీ దగ్గరపడితే జీఎస్‌టీ రిటర్నులు, ఫైనాన్స్ వాళ్ళు దొరకరు. మార్చిలో ఎవరూ దొరకరు. కొత్త ఏడాది బడ్జెట్ అంకెలు జనవరి, ఫిబ్రవరుల్లో బిగుసుకుంటాయి, అంటే నీ ప్రశ్నలకు జవాబులు సంక్రాంతికి ఊళ్ళు ఖాళీ కాకముందే రావాలి. దసరా అయినప్పటి నుంచి డిసెంబరు మధ్యదాకా నీకు దొరికే కాలం. దాన్ని డాక్యుమెంట్లు రాయడానికి ఖర్చుపెట్టకు, మనుషుల్ని కలవడానికి వాడుకో.

మీటింగు రోజున ఎవరికీ కొత్త విషయం తెలియకూడదు. ఒక్కొక్కరినీ ముందే విడిగా కలిసి ఏం అడగబోతున్నావో చెవిన వేసి రా. ఎండీ ముందు ఒక హెడ్ తెల్లమొహం వేయాల్సి వస్తే ఆ మనిషి ఇక నీ మీటింగుకి జన్మలో రారు. ఐదారుగురికి మించి పిలవకు, ముప్పావు గంట చాలు, ఒకే ప్రశ్న. సేల్స్‌కీ ఫైనాన్స్‌కీ మాట పడకపోతే మధ్యలో తీర్పు చెప్పకు. ఇటైతే ఇంత, అటైతే ఇంత అని రెండు ఖర్చులూ బల్ల మీద పెట్టి ఊరుకో. బయటికొచ్చిన గంటలో నాలుగు వాక్యాల మెయిల్ వెళ్ళాలి: ఏం తేలింది, ఎవరు తేల్చారు, ఎప్పటిలోగా, మారితే ఎవరికి చెప్పాలి. వాళ్ళన్న మాటలే రాయి, నీ భాషలోకి మార్చకు.

డిప్యూటీలు వస్తే చిన్నబుచ్చకు. వివరాలన్నీ తెలిసింది వాళ్ళకే, పని వాళ్ళతోనే చెయ్యి. నిర్ణయం మాత్రం వాళ్ళ నెత్తిన పెట్టకు. "ఈ ఒక్కటి సార్‌నే అడగాలి, పది నిమిషాలు నువ్వే ఇప్పించు" అంటే ఇప్పిస్తారు.

మన ఊరి కుటుంబ కంపెనీల్లో ఆర్గ్ చార్ట్ సగమే చెబుతుంది. మొదటి షెడ్డు వేసిన రోజు నుంచి ఉన్న అకౌంట్స్ పెద్దాయన, కొనుగోళ్ళు చూసే ఎండీగారి బావమరిది, వీళ్ళతో మాట్లాడకుండా ఏదీ కదలదు. వాళ్ళ దగ్గరికి నువ్వే వెళ్ళు, గౌరవంగా అడుగు, వాళ్ళు చెప్పే పాత కారణాలు రాసుకో. వింతగా కనబడే చాలా పద్ధతుల వెనక ఎప్పుడో తగిలిన దెబ్బ ఉంటుంది. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో విదేశీ కంపెనీలో ఉన్న నీ ఫ్రెండ్ సంగతి వేరు, వాళ్ళ హెడ్‌లు సముద్రం అవతల ఉంటారు. ఎవరైనా ఇక్కడికి వచ్చినప్పుడు ఒక గంట ఎదురుగా కూర్చోమను, రాత్రి కాల్స్ పది చేసినా అంత జరగదు.

ఇక మార్కెటింగ్ వాళ్ళు నీకు చెప్పకుండా యాప్ కొనేశారని బాధపడ్డావు. పట్టుకుని నిలదీయకు. అందులో డాక్టర్ల ఫోన్ నంబర్లు, పేషెంట్ల వివరాలు ఉంటాయి. 2023 డేటా రక్షణ చట్టంలో తగిన జాగ్రత్తలు తీసుకోకపోతే జరిమానా 250 కోట్ల దాకా రాసి ఉంది. ఆ సంగతి మెల్లగా చెప్పి, మినహాయింపు కాగితం ఒకటి రాయి: యాప్ పేరు, బాధ్యత తీసుకునే హెడ్ పేరు, ఎప్పటిదాకా. తేదీ లేని మినహాయింపు మాత్రం ఎవరికీ ఇవ్వకు, ఎండీకైనా సరే.

మూడు నెలల్లో ఒక్క ఎర్ర అంకెనైనా తగ్గించి చూపించు. ఎన్ని అప్లికేషన్లు తీసేశామన్న లెక్క వాళ్ళకు అక్కర్లేదు, బ్యాచ్ ఎన్ని గంటలు ముందు లారీ ఎక్కిందో చెప్పు.

వచ్చే వారం ప్లాంట్‌కి వెళ్ళిరా. ఆ ఏ3 కాగితం గీసినంతవరకు పట్టుకుని ఆదివారం ఇంటికి రా, ఎవరి దగ్గరికి ముందు వెళ్ళాలో, ఏ ప్రశ్నతో మొదలుపెట్టాలో ఇద్దరం కూర్చుని చూద్దాం. నాకైతే క్వాలిటీ హెడ్‌తో మొదలుపెట్టడం మంచిదనిపిస్తోంది. భోజనం ఇక్కడే, పిన్నికి చెప్పాను.

ఆశీస్సులతో,
బాబాయి