వండర్ ఉమన్ మట్టి బొమ్మా, జ్యూస్ కూతురా?

2017 సినిమాలో వండర్ ఉమన్, అంటే డయానా, గ్రీకు దేవుళ్ల రాజు జ్యూస్ కూతురని చూపించారు, పాత కామిక్స్‌లో మాత్రం తల్లి మట్టితో చేసిన బిడ్డ అని ఉంది, రెండింట్లో ఏది అసలు కథ, ఎందుకిలా మారుస్తూ ఉంటారు అని అడిగారు. నేను వండర్ ఉమన్ కథలు కాలేజీ రోజుల నుంచి చదువుతున్నాను. నా మాట ముందే చెప్పేస్తాను: మట్టి కథే ముందుది, నా దృష్టిలో అదే గొప్పది కూడా. అయితే అది కూడా మొదటి సంచికలో లేదు.

ఆమె మొదట కనిపించింది 1941 చివర్లో, ఆల్ స్టార్ కామిక్స్ 8వ సంచికలో. రాసింది విలియం మౌల్టన్ మార్స్టన్ అనే సైకాలజిస్టు, బొమ్మలు వేసింది హెచ్.జి. పీటర్. అందులో డయానా రాణి కూతురు, అంతే. ఎలా పుట్టిందో చెప్పలేదు. గ్రీకు వీరుడు హెర్క్యులిస్ మోసం చేసి, డయానా జాతివాళ్లైన అమెజాన్ యోధ స్త్రీలను బానిసలుగా చేసుకోవడం, ఆఫ్రొడైటీ దేవత సాయంతో వాళ్లు బయటపడి ఒక దీవికి చేరడం, ఆ బానిసత్వాన్ని మర్చిపోకుండా చేతులకు కంకణాలు తొడుక్కోవడం, ఇదీ ఆ కథ. స్టీవ్ ట్రెవర్ అనే అమెరికా సైనికాధికారి విమానం ఆ దీవిలో కూలుతుంది. అతన్ని అమెరికా చేర్చేది ఎవరో తేల్చడానికి పోటీ పెడతారు. తల్లి వద్దన్నా డయానా ముసుగు వేసుకుని పోటీలో దిగి గెలుస్తుంది.

మట్టి సంగతి 1942లో వచ్చింది, ఆమె పేరుతోనే మొదలైన పత్రిక మొదటి సంచికలో. రాణి హిప్పోలిటాకు ఎథీనా బొమ్మ చెయ్యడం నేర్పుతుంది, ఆ బొమ్మకు ఆఫ్రొడైటీ ప్రాణం పోస్తుంది. చేసింది స్త్రీ, నేర్పింది స్త్రీ, ప్రాణం పోసింది స్త్రీ.

ఇది చదివిన తెలుగువాళ్లెవరికైనా వెంటనే గుర్తొచ్చేది వినాయక చవితి కథే. పార్వతి నలుగుపిండితో బొమ్మ చేసి ప్రాణం పోస్తుంది కదా. నాకూ మొదట అదే తట్టింది. కానీ మన కథలో తండ్రి తర్వాత వస్తాడు, గుమ్మం దగ్గరే గొడవ మొదలవుతుంది. మార్స్టన్ కథలో ఆ తండ్రి రానేరాడు. అది అనుకోకుండా జరిగింది కాదు. లోకాన్ని స్త్రీలు నడిపితేనే బాగుపడుతుందని మార్స్టన్ గట్టిగా నమ్మాడు, ఆ మాట బహిరంగంగానే చెప్పేవాడు. భార్య ఎలిజబెత్‌తో పాటు ఆ ఇంట్లో ఉన్న మార్స్టన్ సహచరి ఆలివ్ బర్న్, అమెరికాలో గర్భనిరోధక హక్కు కోసం పోరాడిన మార్గరెట్ సాంగర్‌కు మేనకోడలు. ఆ ఇంట్లోంచి వచ్చిన కథకు మగ దేవుడి వరం అవసరం లేకపోయింది.

మార్స్టన్ 1947లో చనిపోయాడు. తర్వాత కథ రాబర్ట్ కానిగర్ అనే రచయిత చేతికి వచ్చింది. 1959లో 105వ సంచికలో ఆయన కథ మార్చాడు. మట్టి ఊసు లేదు, పసిబిడ్డ డయానాకు దేవతలు వచ్చి తలా ఒక వరం ఇస్తారు. ఆఫ్రొడైటీ అందం, ఎథీనా తెలివి, మెర్క్యురీ వేగం, హెర్క్యులిస్ బలం. గమనించారా? మొదటి కథలో ఆమె తల్లిని బానిసను చేసినవాడే ఇప్పుడు ఆమెకు బలం ఇస్తున్నాడు. దీవిలో ఉన్న స్త్రీలు కూడా పోరాడి బయటపడ్డవాళ్లు కాకుండా, యుద్ధాల్లో మగవాళ్లను పోగొట్టుకున్నవాళ్లుగా మారారు. పైకి చిన్న మార్పులే, కానీ కథ గుండె మారిపోయింది.

1968లో ఏకంగా శక్తులే తీసేశారు. డయానా బట్టల కొట్టు నడుపుతూ కరాటే, కుంగ్‌ఫూ లాంటి విద్యలు నేర్చుకున్న మామూలు మనిషి అయింది. 1972లో స్త్రీవాద నాయకురాలు గ్లోరియా స్టైనమ్ వాళ్ల మిజ్ పత్రిక పాత వండర్ ఉమన్‌ను ముఖచిత్రంగా వేసింది. 1973లో శక్తులు తిరిగొచ్చాయి, మట్టి కూడా తిరిగొచ్చింది. ఆ ఏడాదే హిప్పోలిటా నల్లమట్టితో చేసిన ఇంకో కూతురు నూబియా కథలోకి వచ్చింది.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన దానికి వస్తాను. 1985-86లో వండర్ ఉమన్ కామిక్స్ వేసే డీసీ కంపెనీ తన కథల ప్రపంచం మొత్తాన్ని ఒకసారి చెరిపి మళ్లీ మొదలుపెట్టింది. ఆ ఊపులో 1987లో జార్జ్ పెరెజ్ అనే రచయిత, చిత్రకారుడు వండర్ ఉమన్‌ను కొత్తగా తీసుకొచ్చాడు. హైదరాబాద్‌లో ఆదివారాలు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల్లో ఆ మొదటి సంచిక నాకు దొరికింది. అట్ట నలిగిపోయి ఉంది. ఇంటికి తెచ్చి చదివాక వెంటనే మళ్లీ మొదటి పేజీకి వెళ్లాను.

పెరెజ్ ఏం చేశాడంటే, మగవాళ్ల చేతుల్లో చనిపోయిన స్త్రీల ఆత్మలన్నిటినీ గ్రీకు దేవతలు కాపాడి ఉంచారన్నాడు. ఆ ఆత్మలే అమెజాన్ స్త్రీలుగా మళ్లీ పుడతాయి. హిప్పోలిటా ఆదిమ కాలంలో కడుపుతో ఉండగా హత్యకు గురైన స్త్రీ. మిగతా అందరూ బయటికొచ్చాక ఒక్క ఆత్మ మిగిలిపోతుంది, ఆమె కడుపులో పోయిన బిడ్డది. శతాబ్దాల తర్వాత ఆమె సముద్రం ఒడ్డున మట్టితో పసిపాప బొమ్మ చేస్తే, ఆ ఆత్మ అందులోకి వస్తుంది. అంటే 1942లో అందమైన వింతగా ఉన్న మట్టి బొమ్మ, ఇక్కడ ఒక తల్లికి దక్కకుండా పోయిన బిడ్డ తిరిగి రావడం. ఇంకొకటి: ఇందులో బలం ఇచ్చేది డిమీటర్, భూదేవి లాంటి తల్లి. హెర్క్యులిస్ కాదు. డయానా అన్న పేరు కూడా, ఆ దీవిలో కూలి అమెజాన్ల కోసం పోరాడి చనిపోయిన పైలట్ డయానా ట్రెవర్ పేరు. ఆమె స్టీవ్ తల్లి. పాత ముక్కల్నే తీసుకుని, ఒక్కోదానికీ ఒక కారణం ఇచ్చాడు పెరెజ్. మార్చడమంటే ఇలా మార్చాలి.

2011లో డీసీ మళ్లీ అన్నీ ఒకటో నంబర్ నుంచి మొదలుపెట్టింది. ఈసారి బ్రయాన్ అజరెల్లో రాశాడు, క్లిఫ్ చియాంగ్ బొమ్మలు వేశాడు. మూడో సంచికలో బయటపడుతుంది: మట్టి కథ అబద్ధం, జ్యూస్ భార్య హీరా కోపం నుంచి బిడ్డను కాపాడటానికి అల్లిన కట్టుకథ, అసలు తండ్రి జ్యూస్. వినాయకుడి కథలోలా తండ్రి ఎట్టకేలకు వచ్చాడు, 70 ఏళ్లకు. చియాంగ్ బొమ్మలు అద్భుతం, దేవతల ఇంటి తగాదాలు ఆపకుండా చదివిస్తాయి, అది ఒప్పుకోవాల్సిందే. కానీ ఏడో సంచికలో అమెజాన్ స్త్రీలు ఓడల మీద పడి, నావికులతో గడిపి చంపేసి, పుట్టిన మగపిల్లల్ని ఆయుధాలకు మారుగా ఇచ్చేస్తారని రాశారు. ఆ సంచిక నాకు మింగుడు పడలేదు, ఇప్పటికీ పడదు. బానిసత్వం నుంచి బయటపడ్డవాళ్లను హంతకులను చేసింది ఆ కథ.

సినిమా ఆ జ్యూస్ దారినే పట్టింది. థియేటర్లో మా అక్క కూతురు నా పక్కనే కూర్చుంది. మట్టి కథ నా దగ్గర ముందే విని ఉంది. బయటికి వస్తూ, "పిన్నీ, అయితే వాళ్లమ్మ చేసిందన్నది అబద్ధమా?" అని అడిగింది. సినిమాలో అబద్ధం, పుస్తకంలో నిజం అన్నాను. ఆ పిల్లకు తేడా నాకంటే సూటిగా తెలిసిపోయింది: "అయితే బలం నాన్నది అన్నమాట" అంది.

మీ "ఎందుకు" అన్న ప్రశ్నకు నా జవాబు ఆ మాటలోనే ఉంది. వ్యాపార కారణాలు ఎలాగూ ఉంటాయి. కొత్త పాఠకుడు ఒకటో నంబర్ అయితే కొంటాడు, కొత్త రచయితకు తన ముద్ర కావాలి, "దేవుడి కూతురు" అంటే కొత్తవాళ్లకు ఒక్క ముక్కలో అర్థమవుతుంది. కానీ మార్పు వచ్చిన ప్రతిసారీ నేను చూసేది ఒక్కటే: ఆమెకు ఆ శక్తి ఎవరిచ్చారంటున్నారు? తల్లా, వరమిచ్చిన దేవుళ్లా, చనిపోయిన స్త్రీల ఆత్మలా, తండ్రి రక్తమా? విమానం కూలడం, పోటీ, కంకణాలు కొద్ది తేడాలతో మళ్లీ మళ్లీ వస్తూనే ఉన్నాయి. రాసేవాళ్ల మనసు బయటపడేది ఈ ఒక్క చోటే.

చదవాలనుకుంటే పెరెజ్ మొదటి ఏడు సంచికలతో మొదలుపెట్టండి, అది ఒక పూర్తి కథ. తర్వాత 1942 నాటిది చదివితే ఏది ఎక్కడి నుంచి వచ్చిందో తెలుస్తుంది. అజరెల్లోది చివర్లో పెట్టుకోండి. పిల్లలకు ఇవ్వాలంటే మాత్రం పెరెజ్ మొదటి సంచిక ముందు మీరు చదవండి. హెర్క్యులిస్ ఘట్టంలో హింస గట్టిగానే ఉంది, చిన్నపిల్లలకు తగదు. వాళ్లకు గ్రెగ్ రుకా రాసి నికోలా స్కాట్ బొమ్మలు వేసిన 2016 నాటి "ఇయర్ వన్" మేలు, అందులో తల్లీకూతుళ్ల వీడ్కోలు చాలా బాగుంటుంది.