ఆఫ్‌షోర్ గాలి ఎటు వీస్తుంది?

చెన్నై, తిరువాన్మియూర్

చిరంజీవి సుమతికి ఆశీస్సులు.

నీ కథ అందింది. మామ్మ పాత్ర బావుంది. ఆవిడ నోట తమిళం కలిసిన తెలుగు ఇంకా బావుంది, దాని జోలికి వెళ్ళకు. నా పేచీ అంతా రెండో పేజీలో ఒక్క వాక్యంతోనే. మే నెల మధ్యాహ్నం ఎలియట్స్ బీచ్‌లో "ఆఫ్‌షోర్ గాలి చల్లగా తగిలింది" అని రాశావు.

అది చల్లగా తగలదమ్మా. ఆఫ్‌షోర్ గాలంటే నేల మీంచి సముద్రం మీదికి పోయేది. మే నెలలో మనకది పడమటి వడగాలి. జనం ఎదురుచూసేది సముద్రపు గాలి కోసం, అది ఆన్‌షోర్. ఎండకి నీటికంటే నేల త్వరగా కాగుతుంది, దాని మీది గాలి వేడెక్కి పైకి లేస్తుంది, ఆ ఖాళీలోకి సముద్రం మీది చల్లగాలి వస్తుంది. పడమటి గాలి జోరుగా ఉన్న రోజు ఇది ఆలస్యమవుతుంది, ఇక ఊరు ఉడికిపోతుంది. రాత్రికి నేల చల్లారి గాలి ఎదురు తిరుగుతుంది. తెరచాపల రోజుల్లో తెల్లవారుజామున ఆ నేలగాలి పట్టుకునే వేటకు వెళ్ళేవాళ్ళు, మధ్యాహ్నం సముద్రపు గాలితో ఒడ్డుకొచ్చేవాళ్ళు. నీ కథలోని కాసిమేడు జాలరి తాత చిన్నతనంలో దీన్ని వాడుకో.

ఇక వ్యాకరణం. ఇంగ్లిష్‌లో 'ఆఫ్‌షోర్' అనే మాట నామవాచకం ముందుంటే విశేషణం, క్రియ తర్వాత వస్తే క్రియావిశేషణం, రూపం మారదు. క్రియ తర్వాత వచ్చినప్పుడు దాని ముందు 'ఎట్', 'టు' లాంటివి పెట్టకూడదు. నీ హీరోయిన్ ఈమెయిల్లో 'షిప్స్ ఆర్ వెయిటింగ్ ఎట్ ఆఫ్‌షోర్' అని ఉంది, ఆ 'ఎట్' కొట్టెయ్. తెలుగులో మాత్రం రెండు రూపాలు కావాలి: ఓడలు ఒడ్డుకు దూరంగా లంగరు వేశాయి, ఒడ్డుకు దూరంగా ఉన్న ఓడలు. గాలికి ఈ 'దూరంగా' పనికిరాదు, దిక్కు చెప్పాల్సిందే. అయితే 'ఆఫ్‌షోర్ విండ్ పవర్' అన్నారంటే దిక్కుతో పనిలేదు. మరలు సముద్రంలో ఉంటే చాలు, గాలి ఎటు వీచినా సరే.

ఓఎంఆర్ మీది, అదే మన ఐటీ కంపెనీల రోడ్డు మీది, ఆఫీసులో ఆ పిల్ల "నేను ఆఫ్‌షోర్ టీమ్" అంటుంది చూడు, అది ఉంచు. అందరూ అలాగే అంటారు. అమెరికా క్లయింటు నిలబడ్డ చోటి నుంచి చూస్తే మనం ఒడ్డుకు అవతల. సొంత ఊళ్ళో సొంత కుర్చీలో కూర్చుని తనను తాను అక్కడి నుంచి చూసుకుంటోందన్నమాట. దీన్ని కథలో విడమర్చకు, చదివేవాళ్ళకే వదిలెయ్. తాత నోట మాత్రం ఈ మాట వద్దు. దీన్ని వాడేవాడి కాళ్ళు ఒడ్డు మీద ఉంటాయి, పడవలో ఉన్నవాడికి దూరంగా ఉండేది ఒడ్డు. చేపల వేట సీన్ మొత్తం ఒడ్డున నిలబడి రాసినట్టుంది, టెన్షన్ అందుకే నిలవలేదు. తాతని పడవెక్కించి మళ్ళీ రాయి.

రాశాక పంపు. ముగింపు గురించి అప్పుడు తగువుపడదాం.