అమెరికా కల ఇంకా బతికే ఉందా?

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ అయింది. ఎమ్మెస్‌కి వెళ్తానంటున్నాడు. ఉన్న రెండెకరాలు తాకట్టు పెట్టి పంపమంటారా? అమెరికాలో ఇంకా భవిష్యత్తు ఉందాండీ?
– ఒక తల్లి, సత్తెనపల్లి

జవాబు: ఉందమ్మా, కానీ మేం అమెరికా వచ్చినప్పటంత సులువుగా లేదు. ఆ మాటకొస్తే ఇక్కడే పుట్టిన అమెరికా వాళ్లకే ఎదిగే అవకాశం తగ్గింది. 1940లో పుట్టినవారిలో నూటికి 90 మంది తల్లిదండ్రులను మించి సంపాదించారు. 1980ల్లో పుట్టినవారిలో సగం మందే. ఆర్థికవేత్త రాజ్ చెట్టి బృందం తేల్చిన లెక్క ఇది.

మన పిల్లలకు ఆపైన వీసా గొడవ. చదువయ్యాక ఓపీటీ, అంటే స్టూడెంట్ వీసా మీదే ఉద్యోగం చేసుకునే అనుమతి, ఏడాది; ఇంజినీరింగ్ వాళ్లకు ఇంకో రెండేళ్లు. ఈలోగా ఉద్యోగ వీసా హెచ్‌1బీకి లాటరీ తగలాలి. కంపెనీలకు ఏటా ఇచ్చేవి 85 వేలే. తర్వాత శాశ్వతంగా ఉండనిచ్చే గ్రీన్‌కార్డు. ఏటా ఇచ్చే కార్డుల్లో ఏ దేశానికీ 7 శాతం దాటకూడదన్న నిబంధనతో మనవాళ్ల వరుస కదలదు. ఇక్కడ టెక్సస్‌లోని ఫ్రిస్కోలో, ఆ వరుసలోనే ఉన్న మా పక్కింటాయనకు సొంతిల్లుంది, వాకిట్లో టెస్లా ఉంది. పెద్దమ్మాయికి 21 నిండితే ఆయన వీసా మీద ఉండనివ్వరు. ఆ టెన్షన్‌తో మనిషికి నిద్ర లేదు.

పొలం జోలికి మాత్రం వెళ్లకండి. లాటరీ తగలక తిరిగొస్తే ఇండియా జీతంతో అప్పు ఈఎంఐ కట్టగలడా? ఆ లెక్క అబ్బాయి చేతే వేయించండి, కన్సల్టెన్సీ వాళ్ల చేత కాదు.