జపాన్ వచ్చిన కొత్తలో కిమోనో సందేహాలు

టోక్యోలో, ముఖ్యంగా నిషికసాయి వైపు, కొత్తగా కాపురం పెట్టిన మన అమ్మాయిలు ఎండాకాలం రాగానే అడిగే మాట ఒకటే: "అక్కా, మనం కిమోనో వేసుకుంటే ఎవరైనా ఏమైనా అనుకుంటారా?" ఏమీ అనుకోరు, నిక్షేపంగా వేసుకోండి. శ్రద్ధగా కట్టుకుంటే ఇక్కడి పెద్దవాళ్లకి ఎంతో సంతోషం. దారిలో ఆపి, వెనక ముడి సరిచేసి పంపే పెద్దావిడలు కూడా ఉంటారు.

ఒక్క విషయం మాత్రం ఎప్పుడూ తప్పకూడదు. ఆడవాళ్లయినా మగవాళ్లయినా ముందు కుడి అంచుని ఒంటికి చుట్టి, దాని మీదకి ఎడమ అంచు తేవాలి. కుడి అంచు పైకి వచ్చేలా కట్టేది చనిపోయినవాళ్లకి. 719లో రాజాజ్ఞతో మొదలైన పద్ధతి ఇది, ఇప్పటికీ అందరూ పట్టింపుగా పాటిస్తారు. మీ కుడి చెయ్యి గుండె దగ్గర అంచు లోపలికి సులువుగా దూరితే సరిగ్గా కట్టినట్టే. సెల్ఫీ చూసి టెన్షన్ పడకండి, కొన్ని ఫోన్లలో కుడి ఎడమలు తారుమారుగా వస్తాయి. పాతకాలపు సత్రాల్లో రాత్రి వేసుకోమని ఇచ్చే యుకతా అనే తేలికపాటి కిమోనోకీ ఇదే నియమం.

నన్నడిగితే యుకతాతోనే మొదలుపెట్టమంటాను. పల్చటి నూలుబట్ట, వేసవి ఉత్సవాలకి, బాణసంచా చూడ్డానికి వెళ్లేటప్పుడు వేసుకునేది. లోపల వేరే కిమోనో పొర అక్కర్లేదు, మేజోళ్లు లేకుండా గెతా చెప్పులు చాలు. ఆడవాళ్ల యుకతా దాదాపు మన ఎత్తంత పొడుగుంటుంది. అంచు చీలమండల దాకా వచ్చేలా ఎత్తి పట్టుకుని, నడుము దగ్గర సన్నటి తాడుతో బిగించాలి. మిగిలిన గుడ్డ తాడు మీదుగా మడతలా కిందకి దిగుతుంది. దాన్ని ఒహాషోరి అంటారు. చంకల కింద కుట్టకుండా వదిలేసిన సందుల్లోంచి చేతులు పోనిచ్చి ఆ మడతని ముందూ వెనకా సమంగా సర్దుకోవాలి. మెడ వెనక కాలరు పిడికిలి పట్టేంత కిందకి లాగితే అందం. ఓబీ, అంటే నడుముపట్టీ, ముందువైపే ముడివేసుకుని తర్వాత మీ కుడి పక్కగా వెనక్కి తిప్పండి. ఎడమవైపు తిప్పితే అంచులు విడిపోయి, కట్టిందంతా చెదిరిపోతుంది.

పట్టు కిమోనో సంగతి వేరు. లోపల నగజుబాన్ అనే కిమోనో పొర, కాళ్లకి బొటనవేలు విడిగా ఉండే తబి మేజోళ్లు, జోరి చెప్పులు, ఓబీ నిలబడ్డానికి లోపల చిన్న మెత్త, పైన అల్లిన తాడు, ఇలా చాలా ఉంటాయి. సొంతంగా కట్టుకోవడం కష్టం, అద్దెకిచ్చే చోట వాళ్లే కట్టిపెడతారు. పొడుగు చేతుల ఫురిసోదె పెళ్లికాని అమ్మాయిలది. జనవరి రెండో సోమవారం, యువతీయువకులు పెద్దవాళ్లయ్యారని జరిపే పండగరోజున వీధులన్నీ వాటితోనే కళకళలాడతాయి. పెళ్లయినవాళ్లు చేతులు పొట్టిగా ఉండే రకాలు కడతారు. అక్టోబరు నుంచి మే దాకా అస్తరు ఉన్నది, జూన్, సెప్టెంబరుల్లో అస్తరు లేనిది, జూలై, ఆగస్టుల్లో గాలి ఆడే జాలీ నేతది అనేది పాత లెక్క. ఇప్పుడు ఎండలు ముదరడంతో మే నెలలోనే అస్తరు లేనివి కడుతున్నారు.

జపాన్ స్నేహితుల పెళ్లికి పిలిస్తే యుకతా వేసుకుని వెళ్లకండి, అది ఉత్సవాల బట్ట. ధైర్యంగా మన పట్టుచీర కట్టుకోండి, అందరూ మెచ్చుకుంటారు. తెల్లది మాత్రం వద్దు, అది పెళ్లికూతురిది.

పిల్లలుంటే నవంబరు 15 ప్రాంతంలో వచ్చే షిచి-గో-సాన్ గుర్తుంచుకోండి. మూడు, ఏడేళ్ల ఆడపిల్లలకి, ఐదేళ్ల మగపిల్లలకి కిమోనో వేసి గుడికి తీసుకెళతారు. మూడేళ్ల పాపకి ఓబీ బిగించరు, పైన హిఫు అనే చేతుల్లేని అంగీ వేస్తారు, కాబట్టి చంటిది ఇబ్బంది పడదు.

కొనాలనుకుంటే పాత కిమోనోల షాపులు వెతకండి, కొత్తదాని ధరలో చిన్న వంతుకే మంచి పట్టు దొరుకుతుంది. వెడల్పు మన చుట్టుకొలతకి కాస్త అటూఇటూ అయినా సర్దుకోవచ్చు గానీ చేతుల పొడవు తక్కువైతే కష్టం. అందుకని మెడ వెనక ఎముక నుంచి మణికట్టు దాకా టేపుతో కొలుచుకుని, ఆ అంకె రాసుకునే షాపుకి వెళ్లండి.