డౌటొస్తే అడగండి సిస్టర్: ఈ నెల ఎమర్జెన్సీ వార్డు ఉత్తరాలు

పోయిన నెల కాలమ్ చివర్లో "డ్యూటీలో తెలియనిది ఎదురైతే మీరేం చేస్తారో రాయండి" అని ఒక్క లైను వేశాం, ఇన్ని ఉత్తరాలొస్తాయని అనుకోలేదు, అందులో ఎక్కువ భాగం క్యాజువాలిటీ సిస్టర్లవే. పేర్లు వెయ్యొద్దన్నారు కాబట్టి వెయ్యట్లేదు. ఒకేలాంటివి కలిపేశాం, పొడుగ్గా ఉన్నవి కుదించాం.

ప్రశ్న: మేడం, నేను కరీంనగర్‌ల ఒక ప్రైవేట్ హాస్పిటల్ ఎమర్జెన్సీల చేస్తున్న. జాయినయి ఇంక ఏడాది కాలే. మొన్న ఫిట్స్ కేసొచ్చింది, సార్ ఫెనిటాయిన్ లోడింగ్, అంటే ఫిట్స్ ఆపే మందు మొదటి పెద్ద డోసు, పెట్టమన్నరు, ఏ ఫ్లూయిడ్ల కలపాల్నో డౌటొచ్చి ఫోన్ల చూస్తున్న, ఇంతల పేషెంట్ వాళ్ల అన్న వచ్చి "మా తమ్ముడు గిట్ల కొట్టుకుంటుంటే నువ్వు వాట్సాప్ చూస్తున్నవా" అని లొల్లి లొల్లి జేసిండు. సార్ని అడిగితే "గది గూడ తెల్వదా" అన్నరు. ఇంచార్జ్ మేడం తెల్లారి నుంచి ఫోన్లు లాకర్ల పెట్టమన్నది. ఇంక నేను ఎవర్ని అడగాలె?

జవాబు: ముందు ఫెనిటాయిన్ సంగతి తేల్చేద్దాం తల్లీ, ఇది చదివేవాళ్లలో ఇంకా చాలామందికి ఇదే డౌట్ ఉంటుంది. నార్మల్ సెలైన్‌లోనే (ఎన్‌ఎస్) కలపాలి. డెక్స్‌ట్రోజ్‌లో, అంటే డీ5 లాంటి గ్లూకోజ్ బాటిల్లో కలిపితే మందు విడిపోయి సన్నటి తెల్ల నలకలు తేలతాయి, బాటిల్ లైటుకి ఎదురుగా పట్టుకుంటే కనబడతాయి, అది వెయిన్‌లోకి పోకూడదు. పెద్దవాళ్లకి నిమిషానికి 50 మిల్లీగ్రాములు దాటకూడదు, ముసలివాళ్లకీ గుండె జబ్బున్నవాళ్లకీ ఇంకా నిదానంగా, మానిటర్ తగిలించి బీపీ చూసుకుంటూ. అంటే నీకొచ్చిన డౌట్ రావాల్సిన డౌటే. చేతికందిన డీ5లో కలిపేసి ఏం తెలీనట్టు ఉన్నవాళ్లు ఎవరి చేతా మాట పడరు, చూసుకుని కలిపేవాళ్లే పడతారు, మన వార్డుల్లో ఉన్న విడ్డూరం ఇది.

పేషెంట్ వాళ్ల అన్నని తప్పుపట్టలేం, ఆయనకి కనిపించింది ఫోన్ పట్టుకున్న నర్సు. ఫోన్ తియ్యక ముందే నోటితో చెప్పెయ్, "మీ తమ్ముడి మందు డోసు చూసి కలుపుతున్నానన్నా, ఒక్క నిమిషం" అని, స్క్రీన్ ఆయనకి కనబడేలా పట్టుకున్నా నష్టంలేదు. డాక్టర్ని అడిగేటప్పుడు ఖాళీ ప్రశ్న వెయ్యకు. "సార్, ఎన్‌ఎస్‌లో వేసి అరగంటలో పోయేలా పెడుతున్నా, ఓకేనా" అని నువ్వనుకున్నది చెప్పి కన్ఫర్మ్ చేయించుకో, అప్పుడు ఆయన విసుక్కోవడానికి సందు తక్కువ, పైగా నోటిమాట ఆర్డర్‌ని తిరిగి చదివి చెప్పడం ఎలాగూ నీ డ్యూటీనే.

ఇక ఫోన్లు లాకర్‌లో పెట్టమన్న ఇంచార్జ్‌కి, ఆమె ఇది చదువుతుంటే, ఒక మాట. తియ్యండి, కానీ బదులు ఏదో ఒకటి అక్కడ పెట్టండి. క్రాష్ కార్ట్ (అత్యవసర మందుల ట్రాలీ) పక్కన, ఏ మందు ఎందులో ఎంత కలపాలో రాసి లామినేట్ చేసిన డైల్యూషన్ చార్ట్, స్టేషన్‌లో ఒక ట్యాబ్ లేదా కంప్యూటర్, ఫార్మసీ ఎక్స్‌టెన్షన్ నంబరు గోడమీద. వయల్ డబ్బాలో మడత పెట్టి ఉండే కాగితం కూడా పనికొస్తుంది, మనం ముందు దాన్నే చించి పారేస్తాం.

ప్రశ్న: అక్కా, మాది గుంటూరు వైపు ఒక ఏరియా హాస్పిటల్. పురుగుమందు తాగిన కేసులు వస్తూనే ఉంటాయి. డబ్బా తెమ్మంటే తేరు, "గడ్డి మందు తాగాడమ్మా" అంటారు, అంతే. డ్యూటీ డాక్టర్ గారు ఒక్కరే, ఆయన లేబర్ రూమ్‌లో ఉంటే ఇక్కడ నేనొక్కదాన్నే. ఏం చూసుకోవాలి, ఎవరికి ఫోన్ చెయ్యాలి?

జవాబు: గడ్డి మందు అంటే పారాక్వాట్ కావచ్చు, గ్లైఫోసేట్ కావచ్చు, 2,4-డి కావచ్చు, మూడిటికీ దారులు వేరు. పారాక్వాట్ అయితే సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) బాగున్న పేషెంట్‌కి అలవాటుకొద్దీ ఆక్సిజన్ మాస్క్ తగిలించకూడదు, ఆ మందు ఊపిరితిత్తుల్లో చేసే చెరుపుకి ఆక్సిజన్ తోడవుతుంది, సాచురేషన్ బాగా పడిపోతేనే డాక్టర్ చెప్పి పెట్టిస్తారు. అదే మోనోక్రోటోఫాస్ లాంటి పురుగుమందైతే పూర్తిగా ఉల్టా, కంటిపాపలు సూదిమొనంత అయిపోయి నోట్లోంచి నురగ, ఒళ్లంతా చెమట, అక్కడ ఆక్సిజన్, సక్షన్, విరుగుడు మందు అట్రోపిన్ ఆలస్యం కాకూడదు. అందుకే ఏ మందో తెలుసుకోవడం దానికదే ట్రీట్‌మెంట్‌లో భాగం, అది చేసేది ఎక్కువగా నర్సే.

డబ్బా తెమ్మని అడక్కండి, ఫొటో అడగండి. ఇంట్లో ఎవరో ఒకరు ఉంటారు కదా, డబ్బా వెతికి లేబుల్ నాలుగు పక్కలా ఫొటో తీసి వాట్సాప్ చెయ్యమనండి, పొలంలోనో పశువుల కొట్టంలోనో దొరుకుతుంది. లేదంటే మందు కొన్న షాపువాడికి ఫోన్ చేయించండి, ఏమిచ్చాడో వాడికి గుర్తుంటుంది. లేబుల్ మీద కంపెనీ పెట్టిన పేరు పెద్దక్షరాల్లో ఉంటుంది, మనకి కావాల్సింది కింద చిన్నక్షరాల్లో ఉండే టెక్నికల్ పేరూ, దాని పక్కన శాతం. డైమండ్ ఆకారంలో గుర్తు ఉంటుంది, దాని కింది సగం రంగు చూడండి: ఎరుపైతే అత్యంత విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. పారాక్వాట్‌కి ఉండేది పసుపే, ఎరుపు కాదు కదా అని ఊపిరి పీల్చుకోవద్దు. విరుగుడు ఉంటే అది కూడా లేబుల్ మీదో లోపలి కాగితంలోనో రాసుంటుంది.

ఫోన్ నంబర్ రాసుకోండి: 1800-116-117. ఢిల్లీ ఎయిమ్స్‌లోని నేషనల్ పాయిజన్స్ ఇన్ఫర్మేషన్ సెంటర్, 24 గంటలూ, టోల్ ఫ్రీ. పేషెంట్ వయసు, బరువు, మందు పేరు, ఎంత తాగాడు, ఎప్పుడు తాగాడు, పల్స్, బీపీ, సాచురేషన్ ఒక కాగితం మీద రాసుకుని చెయ్యండి, వాళ్లు చెప్పింది టైముతో సహా కేస్ షీట్లో రాసి డాక్టర్‌గారికి చూపించండి. పారాక్వాట్ అనుమానం ఉంటే మూత్రంలో సోడియం డైథయొనైట్ వేసి చూసే చిన్న టెస్ట్ ఉంది, నీలం తిరిగితే పాజిటివ్, మీ ల్యాబ్‌లో ఆ పౌడర్ ఉందో లేదో ఇవాళే అడిగి పెట్టుకోండి, రాత్రిపూట వెతుక్కోవడం కాదు.

ఇంకోటి. పారాక్వాట్ తాగినవాళ్లు మొదటి రోజు చక్కగా మాట్లాడతారు, టీ అడుగుతారు, ఇంటివాళ్లు "బానే ఉన్నాడుగా, తీసుకెళ్తాం" అంటారు. ఊపిరితిత్తులు, కిడ్నీలు దెబ్బతినడం తర్వాత రోజుల్లో బయటపడుతుంది. ఆ మాట డాక్టర్‌గారితో మళ్లీ చెప్పించండి, ఒక్కసారి చెప్తే వాళ్లకి ఎక్కదు.

ప్రశ్న: నైట్ డ్యూటీలో రెండింటికో మూడింటికో ఆన్‌కాల్ డాక్టర్‌కి ఫోన్ చేస్తే "ఏంటి విషయం, ముందు అది చెప్పు" అని అరుస్తారు మేడం, గాభరాలో ఏదీ వరసగా చెప్పలేను.

జవాబు: ఫోన్ కలిపే ముందు నాలుగు ముక్కలు రాసుకో: ఇప్పుడేం జరుగుతోంది, వెనక కథేంటి, నువ్వేం చూశావు, నీకేం కావాలి. దీన్ని ఎస్‌బార్ అంటారు (ఆ నాలుగింటి ఇంగ్లిష్ మొదటి అక్షరాలు), అమెరికా నేవీ సబ్‌మెరైన్ల నుంచి ఆసుపత్రులకి వచ్చిన పద్ధతి. ఒక పాము కాటు కేసు తీసుకో. "సార్, క్యాజువాలిటీ నుంచి స్టాఫ్ నర్స్‌ని, బెడ్ త్రీలో పాము కాటు, చిగుళ్ల నుంచి రక్తం వస్తోంది. 40 ఏళ్లాయన, పొలంలో కాలి మీద కాటు, రెండు గంటలైంది. గాజు ట్యూబ్‌లో 20 నిమిషాలు పెట్టిన రక్తం గడ్డకట్టలేదు, బీపీ 90కి వచ్చింది. ఏఎస్‌వీ వయల్స్ తీసి పెట్టాను, అడ్రినలిన్ రెడీ, మీరు వెంటనే రావాలి సార్." అరనిమిషం పట్టదు. (ఏఎస్‌వీ అంటే పాము విషానికి విరుగుడు ఇంజెక్షన్, అది పడకపోతే అడ్రినలిన్.) అన్నట్టు ఆ ట్యూబ్ శుభ్రమైన, పొడి గాజుదే కావాలి, ప్లాస్టిక్‌ది కాదు, సబ్బుతో కడిగింది అసలే కాదు, రిజల్ట్ తప్పొస్తుంది.

ప్రశ్న: నేను ఎమర్జెన్సీ ఇంచార్జ్‌ని. మా పిల్లలు, అంటే జూనియర్ సిస్టర్లు, ఏ డౌటొచ్చినా బ్యాచ్ వాట్సాప్ గ్రూప్‌లో అడుగుతున్నారు, ఇప్పుడు ఏఐ యాప్‌లు కూడా మొదలెట్టారు. ట్రైనింగ్ పెట్టమని పైవాళ్లు అంటున్నారు. ఏం నేర్పించాలి?

జవాబు: ఏం నేర్పించాలో చెప్తాను గానీ దానికంటే ముందు మీ షిఫ్టుల్లో ఒకటి గమనించండి మేడం. నర్సులకి డౌటొస్తే ఎక్కడికి పోతారని చాలా దేశాల్లో పరిశోధనలు జరిగాయి, మళ్లీ మళ్లీ వచ్చిన జవాబు ఒకటే, ముందు పక్కనున్న మనిషిని అడుగుతారు, పుస్తకం, ఇంటర్నెట్ తర్వాత. ఎమర్జెన్సీలో అది సహజం, చేతులకి గ్లవ్స్ ఉంటాయి, టైముండదు. మీ పిల్లలు పక్కనున్న సీనియర్ని వదిలేసి గ్రూప్‌లో అడుగుతున్నారంటే సీనియర్ని అడగడానికి భయపడుతున్నారేమో చూడండి. "కాలేజీలో ఏం నేర్చుకున్నావ్" అని అందరి ముందూ అనే సీనియర్ ఒక్కరున్నా చాలు, ఆ షిఫ్ట్‌లో ప్రశ్నలు ఆగిపోతాయి, డౌట్లు మాత్రం ఆగవు, ఊహించి చేసేస్తారు. మీరు ఎన్ని క్లాసులు పెట్టినా అక్కడ లాభం లేదు, ఇది నా గట్టి అభిప్రాయం. షిఫ్ట్ మారేటప్పుడు హ్యాండోవర్ తర్వాత ఐదు నిమిషాలు "నిన్న ఏం వెతుక్కోవాల్సొచ్చింది" అని మాట్లాడుకోండి, మొదటి మాట మీరే చెప్పండి, ఇంచార్జ్ మేడమే చూసుకుని చేస్తుందంటే పిల్లలకి సిగ్గు పోతుంది.

నేర్పించేది ఇది. డోసుకీ డైల్యూషన్‌కీ మందు కాగితం, హాస్పిటల్ చార్ట్, ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ వేసే నేషనల్ ఫార్ములరీ అనే మందుల పుస్తకం. జబ్బు ట్రీట్‌మెంట్ వరసకి ఐసీఎంఆర్ వాళ్ల స్టాండర్డ్ ట్రీట్‌మెంట్ వర్క్‌ఫ్లోస్, ఒక్కో జబ్బుకి ఒక్కో పేజీ, ఫ్రీ, యాప్ కూడా ఉంది. మందు రియాక్షన్ వస్తే 1800-180-3024కి రిపోర్ట్, అది నర్సు కూడా చెయ్యొచ్చు, డాక్టర్లే చెయ్యాలని లేదు. తీరిగ్గా చదువుకోవాలంటే, వైద్య పరిశోధనలు వెతుక్కునే పబ్‌మెడ్ వెబ్‌సైట్ ఎప్పుడూ ఫ్రీనే. ప్రభుత్వ మెడికల్ కాలేజీ అయితే లైబ్రేరియన్‌ని వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ గురించి అడగండి, 2025 జనవరి నుంచి ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థల కోసం కేంద్రం 30 పబ్లిషర్ల దగ్గర దాదాపు 13,000 జర్నల్స్ తీసుకుంది, డాక్టర్లకి తెలిసినంతగా ఈ సంగతి నర్సులకి తెలీదు. లైబ్రేరియన్‌నే ఒకపూట వార్డుకి పిలవండి, అసలు సెర్చ్ చెయ్యడం నేర్పాల్సింది వాళ్లు.

వాట్సాప్ గ్రూప్‌ని తిట్టక్కర్లేదు, కానీ అక్కడొచ్చిన డోసు ఇంకోచోట చూడకుండా సిరంజిలోకి ఎక్కకూడదు. ఎవరు రాశారు, ఏ సంవత్సరంది, పెద్దవాళ్లదా పిల్లలదా, ఇవి అడిగితే సగం ఫార్వర్డ్‌లు రాలిపోతాయి. ఏఐ కూడా అంతే, తప్పు అంకె కూడా చాలా నమ్మకంగా చెప్తుంది. పేషెంట్ ముఖం, పేరు, ఐపీ (అడ్మిషన్) నంబరు కనబడే ఫొటోలు గ్రూపుల్లో పెట్టడం మాత్రం పూర్తిగా ఆపించండి.

ప్రశ్న: యాక్సిడెంట్ కేసు మా దగ్గరకొచ్చేసరికే పోయింది, చెప్తే అటెండర్లు నా జుట్టు పట్టుకున్నారు. కంప్లైంట్ వద్దు, హాస్పిటల్ పేరు పోతుందన్నారు. తెల్లారి మామూలుగా డ్యూటీకి రమ్మన్నారు. నిద్ర పట్టట్లేదక్కా.

జవాబు: జుట్టు పట్టుకోవడం డ్యూటీలో భాగం కాదమ్మా. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వైద్య సిబ్బంది మీద దాడులకి ప్రత్యేకంగా చట్టం వచ్చింది, మూడేళ్ల వరకు జైలు, 50,000 వరకు జరిమానా, నాన్ బెయిలబుల్. నర్సులు కూడా అందులో ఉన్నారు. 2024 ఆగస్టులో కేంద్ర ఆరోగ్యశాఖ కేంద్ర ఆసుపత్రులకీ మెడికల్ కాలేజీలకీ ఇంకో మాట చెప్పింది, సిబ్బంది మీద దాడి జరిగితే ఆరు గంటల్లోపు సంస్థ పెద్దే సంస్థ పేరు మీద ఎఫ్ఐఆర్ పెట్టించాలని. మీది ప్రైవేట్ అయినా మీరు స్వయంగా కంప్లైంట్ ఇవ్వచ్చు. జరిగింది తేదీ, టైము, ఎవరెవరు చూశారో సహా ఇవాళే రాసిపెట్టుకోండి, సూపరింటెండెంట్‌కి రాతపూర్వకంగా ఇచ్చి ఒక కాపీ మీద సంతకం తీసుకోండి, సీసీ కెమెరా ఫుటేజ్ తీసి ఉంచమని అందులోనే అడగండి, కొన్ని రోజులైతే చెరిగిపోతుంది.

నిద్ర సంగతికి 14416, టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు. రెండు వారాలు దాటినా ఇలాగే ఉంటే సైకియాట్రిస్ట్‌ని కలవండి. కొన్నాళ్లు ఎమర్జెన్సీ కాకుండా వేరే వార్డు అడిగితే అది పిరికితనం కాదు. మీ ఇంచార్జ్ కనీసం "ఎలా ఉన్నావ్" అని కూడా అడగలేదని మీ ఉత్తరం చివర్లో రాశారు, నాకు అన్నిటికంటే కోపం తెప్పించింది అదే.

ప్రశ్న: రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి సీఎన్ఈ (ఉద్యోగంలో ఉంటూ చేసే నర్సింగ్ క్లాసులు) గంటలు ఎన్ని కావాలి? ఇలా వార్డులో జరిగే క్లాసులు లెక్కలోకొస్తాయా?

జవాబు: ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చెప్పేది ఐదేళ్లకి 150 గంటలు. వార్డు క్లాస్ ఊరికే పెట్టుకుంటే లెక్కలోకి రాదు, రాష్ట్ర కౌన్సిల్ దగ్గర ముందే అప్రూవల్ తీసుకుని క్రెడిట్ వేయిస్తేనే వస్తుంది. మీ నర్సింగ్ సూపరింటెండెంట్‌తో అప్లై చేయించండి, పాయిజనింగ్, పాము కాటు టాపిక్స్ పెట్టుకుంటే క్రెడిటూ వస్తుంది, రాత్రి డ్యూటీకి పనికీ వస్తుంది.